దెబ్బ దేవుడు కొట్టింది కాదు: హ్యారియట్ టబ్‌మన్ జీవితం



తలకు పెద్ద గాయమై బతికి బయటపడిన కొద్దిమందిలో అంతకు ముందెన్నడూ లేని శక్తి ఒకటి బయటపడుతుంది. 1860లో అమెరికాలో గుర్రపు బండి బోల్తాపడి, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే పుస్తకాల వ్యాపారి తలకు తీవ్రమైన దెబ్బ తగిలింది. తరువాత ఆయన వ్యాపారం వదిలి ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1878లో పరుగెత్తే గుర్రాన్ని అడుగు అడుగుకూ ఫోటో తీసి, సినిమా పుట్టడానికి దారి వేశాడు. 1994లో అదే దేశంలో ఒక ఎముకల వైద్యుడు పిడుగుపాటుకు గురయ్యాడు. కొన్ని వారాలకు ఆయనకు పియానో మీద ఆపుకోలేని ఆశ పుట్టింది. పట్టుపట్టి నేర్చుకున్నాడు, సొంతంగా సంగీతం కూర్చాడు.

ఇలాంటి సంగతులు వినగానే మన సంఘాల్లో రెండు మాటలు వినబడతాయి. దేవుడు ఆ వరం ఇవ్వాలనే ఈ ప్రమాదాన్ని రప్పించాడని కొందరంటారు. ఇది దేవుని పని కాదు, ఏదో ఆత్మ పట్టిందని ఇంకొందరంటారు. దెబ్బ తిన్న మనిషి, అతని ఇంటివారు ఈ రెండు మాటల మధ్య నలిగిపోతుంటారు. ఈ మాటలు ఎంతవరకు నిలబడతాయో తెలుసుకోవడానికి ఒక స్త్రీ జీవితాన్ని చూద్దాం. ఆమె పేరు హ్యారియట్ టబ్‌మన్.

ఆమె 1822 ప్రాంతంలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, డోర్చెస్టర్ కౌంటీలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు అరమింటా రాస్. తండ్రి బెన్, తల్లి రిట్, ఇద్దరూ నల్లజాతి బానిసలే. వారికి తొమ్మిదిమంది బిడ్డలు. ఆ ప్రాంతం సముద్రపు కయ్యను ఆనుకున్న పల్లపు నేల. ఆటుపోట్లకు నీరు ఎక్కి దిగే ఏర్లు, బురద, రెల్లు, అడవి. మన నాగాయలంక, కోడూరు వైపు ఉప్పుటేర్లు, మడ అడవులు చూసినవారికి అలాంటి చోటు కొత్త కాదు.

అయిదారేళ్ల వయసులోనే యజమాని ఆ పిల్లను వేరే ఇళ్లకు పనికి కిరాయికి ఇచ్చాడు. ఒక ఇంట్లో పసిబిడ్డ ఊయల ఊపాలి. బిడ్డ ఏడిస్తే ఈ పిల్లకు కొరడా దెబ్బలు. ఆ మచ్చలు చనిపోయేవరకు మెడమీద ఉండిపోయాయి. మరో ఇంట్లో, తట్టు పోసి ఒళ్లు కాలిపోతున్నా, చలినీళ్లలో దిగి నీటి ఎలుకల బోనులు చూసి రమ్మన్నారు. ఆమె అక్కలు ముగ్గురిని దూరప్రాంతాల వారికి అమ్మేశారు. వాళ్లను ఆ కుటుంబం మళ్లీ చూడలేదు.

తల్లి రిట్‌కు చదువు రాదు. అయినా బైబిలు కథలు బిడ్డలకు చెప్పేది. ఐగుప్తులో ఇటుకలు చేసిన ఇశ్రాయేలీయుల కథ ఆ పిల్లకు అందరికంటే బాగా అర్థమైంది. హ్యారియట్ కూడా జీవితాంతం చదవడం, రాయడం నేర్చుకోలేదు. విన్నదంతా మనసులో దాచుకుంది.

1834, 1836 సంవత్సరాల మధ్య ఒక సాయంత్రం బక్‌టౌన్ అనే ఊళ్లో ఈ సంగతి జరిగింది. అప్పటికి ఆమెకు సుమారు పదమూడేళ్లు. కిరాణా కొట్టుకు సరుకులకని వెళ్లింది. పొలంలో పని వదిలి వచ్చిన ఒక బానిసను వెతుక్కుంటూ అతని మీద పెత్తనం చేసే మేస్త్రీ అక్కడికి వచ్చాడు. అతన్ని కట్టేయడానికి చెయ్యి వెయ్యమని ఈ పిల్లను అడిగాడు. ఆమె వేయలేదు. ఆ బానిస తలుపు వైపు పరుగెత్తాడు. మేస్త్రీ కాటా దగ్గరున్న రెండు పౌన్ల ఇనుప తూకపురాయి తీసి విసిరాడు. సుమారు తొమ్మిది వందల గ్రాముల బరువు అది. పారిపోయేవాడికి తగలలేదు. తలుపు దగ్గరున్న ఆ పిల్ల తలకు తగిలి ఎముక పగిలింది.

నెత్తురు కారుతుండగా ఆమెను ఇంటికి మోసుకొచ్చారు. పడుకోబెట్టడానికి మంచం కూడా లేక మగ్గం చెక్కమీద పడేశారు. రెండు రోజులు వైద్యం లేదు. ఆ తరువాత మళ్లీ పొలానికి పంపారు. చెమట, నెత్తురు కలిసి కళ్లలోకి కారుతుంటే పని చేసింది. యజమాని ఆమెను అమ్మజూపాడు. దెబ్బ తిన్న పిల్లను కొనడానికి ఎవరూ రాలేదు.

ఆ దెబ్బ ఆమెను జీవితాంతం వదల్లేదు. తీవ్రమైన తలనొప్పి. ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోవడం. మాట మధ్యలో తల వాలిపోయేది, కాసేపటికి లేచి విడిచిన మాటనే అందుకునేది. దానితోపాటు మరొకటి మొదలైంది. ఎంతో స్పష్టమైన కలలు, దర్శనాలు. పొలాల మీదుగా, ఊళ్ల మీదుగా పక్షిలా ఎగిరిపోతున్నట్టు కనబడేది. పాటలు, కేకలు వినబడేవి. ముందున్న అపాయం ముందే తెలిసినట్టు ఉండేది. వీటన్నిటినీ ఆమె దేవుని మాటగానే స్వీకరించింది. ఆమె ప్రార్థన కూడా అప్పటినుంచి వేరేగా మారింది. పని చేస్తూ, నడుస్తూ, స్నేహితునితో మాట్లాడినట్టు దేవునితో మాట్లాడేది.

ఈ కథ మన నేలకు మరీ దూరమైనదేమీ కాదు. ఆ దెబ్బకు కొద్ది ఏళ్ల ముందు, 1832-33 నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చి లక్షమందికి పైగా చనిపోయారు. 1842 జూలైలో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ మధ్యలో స్వదేశం వెళ్లినప్పుడు మేరీలాండ్‌లోని బాల్టిమోర్ నగరంలోనే వైద్యం చదివి 1847లో పట్టా పొందాడు, తిరిగి మన దగ్గరికి వచ్చాడు. ఆయన చదివిన ఆ రాష్ట్రంలోనే, ఆ రోజుల్లోనే, హ్యారియట్ కలప మోస్తూ బానిసగా ఉంది.

1844 ప్రాంతంలో ఆమె జాన్ టబ్‌మన్ అనే స్వతంత్రుడైన నల్లజాతి మనిషిని పెళ్లి చేసుకుంది, తల్లి పేరైన హ్యారియట్‌ను తన పేరుగా పెట్టుకుంది. 1849 మార్చిలో యజమాని చనిపోయాడు. అప్పులు తీర్చడానికి బానిసలను అమ్మేస్తారని తెలిసింది. ఆ సెప్టెంబరులో ఇద్దరు తమ్ముళ్లతో పారిపోయింది. వాళ్లు భయపడి వెనక్కు తిరిగారు. ఆమె మళ్లీ ఒంటరిగా బయలుదేరింది. ఎక్కువగా రాత్రులే నడిచి, సుమారు నూట నలభై కిలోమీటర్ల దూరంలోని పెన్సిల్వేనియా రాష్ట్రం చేరి స్వతంత్రురాలైంది.

అక్కడ ఆగిపోయి ఉంటే ఆమె పేరు మనకు తెలిసేది కాదు. 1850లో అమెరికా ప్రభుత్వం కఠినమైన చట్టం చేసింది. పారిపోయిన బానిస ఏ రాష్ట్రంలో దొరికినా పట్టి ఇవ్వాలి, సాయపడినవారికి శిక్ష. ఆ ఏడాది డిసెంబరులోనే ఆమె మేరీలాండ్ వైపు తిరిగి వచ్చింది. మేనకోడలు కెసయాను, ఇద్దరు పిల్లలను వేలం నుంచి తప్పించి, బాల్టిమోర్‌లో వారిని కలిసి ఉత్తరానికి చేర్చింది. పదేళ్లలో సుమారు పదమూడుసార్లు ఆ అపాయంలోకి వెళ్లి సుమారు డెబ్బైమందిని విడిపించింది. మరి కొన్ని పదులమందికి దారి చెప్పి పంపింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టిన 1852-55 సంవత్సరాలు ఆమె అలా రాత్రులు నడిచిన సంవత్సరాలే. 1854 క్రిస్మస్‌కు తన అన్నదమ్ములను తెచ్చింది. 1857లో ముసలి తల్లిదండ్రులను కూడా తెచ్చింది. తన వెంట వచ్చినవారిలో ఒక్కరినీ పోగొట్టుకోలేదు. జనం ఆమెను మోషే అని పిలిచారు.

ఆ ప్రయాణాలలో కూడా నిద్ర వచ్చి పడిపోయేది. చుట్టూ వేటకుక్కలు, గుర్రాల మీద తరిమేవాళ్లు. వెంట ఉన్నవాళ్లు ఆమె చుట్టూ చెట్ల మధ్య నక్కి, ఆమె లేచేవరకు కదలకుండా కూర్చునేవారు. ఒకసారి దారిలో ఉన్నట్టుండి ఆగి, ముందుకు పోవద్దని మనసులో వినబడిందని పక్కకు తిరిగి, మార్చి నెల చలిలో చంక లోతు నీళ్లలో ఏరు దాటింది. ఆమెకు సాయం చేసిన థామస్ గారెట్ అనే క్వేకర్ వ్యాపారి ఈ సంగతి రాసిపెట్టాడు. దేవుని స్వరం మీద ఇంత నమ్మకమున్న మనిషిని తాను చూడలేదని ఆయన సాక్ష్యం.

ప్రియులారా, ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. తలకు తగిలిన దెబ్బే ఆమెను విమోచకురాలిని చేసిందా? ఆమె ఏమి ఎక్కడ నేర్చుకుందో చూస్తే జవాబు తెలుస్తుంది. తండ్రి బెన్ కలప కొట్టించే పనిలో ఆరితేరినవాడు. ఆయన దగ్గర అడవిలో పని చేసినప్పుడు చెట్లు, చిత్తడి, ధ్రువనక్షత్రం చూసి దిక్కు పోల్చుకోవడం తెలుసుకుంది. కలప పడవల్లో తిరిగే నల్లజాతి సరంగులు ఊళ్ల మధ్య కబురు చేరవేసేవారు. ఫిలడెల్ఫియాలో విలియం స్టిల్ అనే నల్లజాతి సోదరుడు వచ్చినవారికి నీడ ఇచ్చి, వారి వివరాలు పుస్తకంలో రాసి దాచాడు. గారెట్ చెప్పులు, డబ్బు ఇచ్చేవాడు. పారిపోవడానికి శనివారం రాత్రి ఎంచుకునేది, ఎందుకంటే ఆదివారం పత్రికల్లో ప్రకటన వేయడానికి వీలుండదు. ఆత్మ గీతాలను అపాయ సూచనగా పాడేది. ఇవన్నీ దర్శనాలు నేర్పినవి కావు. తండ్రి పని, తల్లి చెప్పిన కథ, తోటివారి ధైర్యం, సొంత బుద్ధి నేర్పినవి. దర్శనాలు ఆమెకు భయం తీసేశాయి. దారి మాత్రం ఆమె నేర్చుకున్నదే.

అంతర్యుద్ధం వచ్చినప్పుడు 1862లో దక్షిణ కరోలినాకు వెళ్లింది. విడుదలైన బానిసలకు, సైనికులకు నర్సుగా సేవ చేసింది. తరువాత సైన్యానికి వేగు నడిపింది. నదిలో శత్రువులు ఎక్కడెక్కడ పేలుడు మందు పెట్టారో అక్కడి బానిసల ద్వారా తెలుసుకుంది. 1863 జూన్ 2న కర్నల్ మాంట్‌గొమరీ పడవలతో కలిసి కాంబాహీ నదిలోకి వెళ్లింది. ఆ ఒక్క రోజులో ఏడు వందలమందికి పైగా బానిసలు విడుదలయ్యారు. బిడ్డలను చంకనెత్తుకుని, ఉడుకుతున్న అన్నం కుండలు నెత్తిన పెట్టుకుని వాళ్లు గట్టుకు పరుగెత్తి వచ్చారని ఆమె తరువాత చెప్పేది.

ఇంత చేసినా యుద్ధం తరువాత ఆమెకు దక్కింది పేదరికమే. సైన్యంలో చేసిన పనికి పింఛను కోసం దశాబ్దాలు తిరగవలసి వచ్చింది. 1890లలో ఎట్టకేలకు నెలకు ఎనిమిది డాలర్లు, 1899 నుంచి ఇరవై డాలర్లు వచ్చాయి. అందులోనే న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ పట్టణంలో తన ఇంటికి వచ్చిన అనాథలకు, ముసలివారికి అన్నం పెట్టింది. 1896లో ఇంటి పక్కనే ఇరవై అయిదు ఎకరాలు వేలంలో కొని, ఆ నేలను 1903లో తన ఆఫ్రికన్ మెథడిస్ట్ సంఘానికి అప్పగించింది. 1908లో అక్కడ వృద్ధుల ఆశ్రమం తెరిచారు.

దెబ్బ మాత్రం తగ్గలేదు. 1890ల చివర తలలో హోరు, నొప్పి భరించలేక, నిద్ర పట్టక, బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో తలకు శస్త్రచికిత్స చేయించుకుంది. మత్తు వద్దన్నానని తానే చెప్పుకున్నది. కొంత హాయి కలిగిందని కూడా చెప్పింది. తన దర్శనాలను దేవునివని నమ్మిన మనిషే తన నొప్పికి వైద్యుని దగ్గరికి వెళ్లింది. రెండింటి మధ్య ఆమెకు తగాదా కనబడలేదు. 1913 మార్చి 10న న్యుమోనియాతో తాను కట్టుకున్న ఆశ్రమంలోనే ప్రభువునందు నిద్రించింది. సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు.

మెదడు గూర్చి నేటి వైద్యులు ఏమంటున్నారు? ఆమె జీవితం రాసిన చరిత్రకారులు, కణతల లోపలుండే మెదడు భాగంలో వచ్చే ఒక రకం మూర్ఛ ఆమెకు ఉండి ఉంటుందని భావించారు. ఆ రకం మూర్ఛలో స్పష్టమైన దృశ్యాలు, శబ్దాలు, గాఢమైన భక్తి అనుభవం కలగవచ్చు. దెబ్బ తరువాత కొత్త ప్రతిభ బయటపడినవారిని గూర్చి అమెరికా వైద్యుడు డారల్డ్ ట్రెఫర్ట్ ఎన్నో ఏళ్లు పరిశీలించాడు. బ్రూస్ మిల్లర్ అనే మరో నరాల వైద్యుడు, మెదడు ముందుభాగం క్షీణిస్తున్న కొందరు రోగులు ఎన్నడూ కుంచె పట్టనివారైనా బొమ్మలు గీయడం మొదలుపెట్టారని 1990లలో చూపించాడు. ఒక భాగం మరొక భాగాన్ని అణచిపెట్టి ఉంచుతుందనీ, ఆ అణచే భాగం దెబ్బతింటే రెండవది విడుదలవుతుందనీ ఒక వివరణ. అయితే ఇది చాలా అరుదు. తలకు గాయమైన ఎక్కువమందికి కలిగేది జ్ఞాపకశక్తి తగ్గడం, కోపం, తలనొప్పి, నిద్రలేమి, మూర్ఛ. ప్రతిభ వచ్చినవారు కూడా దానితోపాటు ఎంతో పోగొట్టుకున్నవారే.

కాబట్టి మొదటి మాటకు జవాబు. ఆ తూకపురాయి విసిరింది దేవుడు కాదు, క్రూరుడైన మేస్త్రీ. అతని చెయ్యి వెనుక బానిసత్వమనే పాపమున్నది. దేవుడు ఆ గాయపడిన పిల్లను విడిచిపెట్టలేదు, అది వేరే సంగతి. యోసేపును అన్నలు అమ్మిన పని మంచి పని అయిపోలేదు, దేవుడు దాని నుంచి మేలు తీశాడు. ఈ తేడా మరిచి, ప్రమాదంలో కొడుకు మంచాన పడిన తల్లితో ఇది దేవుని ఏర్పాటు అని మనం అనకూడదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అంటే ముల్లును వద్దనుకోవడం అవిశ్వాసం కాదు.

రెండవ మాటకు జవాబు మత్తయి సువార్త నాల్గవ అధ్యాయంలోనే ఉంది. ప్రభువు దగ్గరికి తెచ్చిన వారిలో దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని సువార్తికుడు వేరువేరుగా చెప్పాడు. చాంద్రరోగమంటే మూర్ఛే. ఆయన వేరుచేసిన దానిని మనం ఒకటిగా కలపడం తగదు. మూర్ఛ వచ్చిన బిడ్డను మందిరంలో కొట్టడం, ఉపవాసమని అన్నం మాన్పించడం, ప్రార్థన చేశాం కదా అని మాత్రలు ఆపించడం ప్రాణానికే ముప్పు. మాత్రలు హఠాత్తుగా ఆపితే మూర్ఛ ఆగకుండా రావచ్చు.

ఆరాధనలో ఎవరికైనా మూర్ఛ వస్తే చేయవలసింది ఇంతే. చుట్టూ గుమిగూడకుండా గాలి ఆడనివ్వాలి. దగ్గరున్న గట్టి వస్తువులు తీసి, తల కింద మెత్తని బట్ట పెట్టాలి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల మూర్ఛ ఆగదు. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే, లేదా వెంటనే మళ్లీ వస్తే, 108కి ఫోన్ చేయాలి. బెజవాడ నుంచి గుడివాడ, మచిలీపట్నం, ఏలూరు వైపు బండ్లమీద తిరిగే మన యువకులు హెల్మెట్ పెట్టుకోవాలని సంఘ పెద్దలు ప్రకటనల్లో చెప్పవచ్చు. అదీ పరిచర్యే.

గాయపడినవారిలో కొత్త ఆసక్తి ఏదైనా కనబడితే, అది పాటైనా బొమ్మైనా, వింతగా చూడకుండా చేయనివ్వండి. ఎవరైనా దర్శనం చెబితే కంగారుపడి వారి వెనుక పరుగెత్తవద్దు, ఎగతాళీ చేయవద్దు. ఫలమును చూడండి. హ్యారియట్ తన దర్శనాలతో కానుకలు పోగుచేసుకోలేదు, ఎవరినీ బెదిరించి లోబరచుకోలేదు. సంకెళ్లున్నవారి దగ్గరికి వెళ్లింది, దొరికినదాన్ని ముసలివారికి పంచింది.

ఒక సంగతి మిగిలి ఉంది. అడవిలో ఆమె నిద్రలో పడిపోయినప్పుడు వెంటనున్నవారు ఆమెను వదిలి పారిపోలేదు. ప్రాణభయంతోనే అయినా, చీకటిలో ఆమె చుట్టూ కూర్చుని కాచుకున్నారు. వారిలో ఎవరికీ దర్శనాలు లేవు, వారి పేర్లు చాలావరకు మనకు తెలియవు. మన సంఘాల్లో దెబ్బతిన్న వారి పక్కన అలా కూర్చునే ఓపికను ప్రభువు మనకు దయచేయును గాక.